టమాటా వేసిన గిన్నె

మా అన్న తిరుమలరావు నా నేల తిన్నాడు. వంశధార సముద్రంలో కలిసే చోటికి మైలు దూరాన, గెడ్డ వాగుకి ఇవతల ఉన్న మెట్ట అది. మా నాన్న జగన్నాధం బతికుండగానే తాటిచెట్ల దగ్గర నుంచి తన అడుగులతో కొలిచి, ఇది గంగరాజుది అని నా భుజం మీద చెయ్యి వేసి చెప్పిన ఎకరం ఇరవై సెంట్లు. అది తిని పద్దెనిమిదేళ్ళు అరిగించుకున్న మనిషి ఇప్పుడు పక్కగదిలో మంచం మీద కూర్చుని, చెంచాడు జావ మింగడానికి మెడనరాలు బిగబట్టుకుంటున్నాడు. వాడికి నేను వంట చేస్తున్నాను. అన్నని వాడు అనకూడదు. పైకి అనను, లోపల మాత్రం పద్దెనిమిదేళ్ళుగా వాడే. ఉల్లిపాయ సన్నగా, ఇంకా సన్నగా, గోరులో సగం ఉండాలి ముక్క. క్యారెట్ కూడా అంతే. ఇక్కడ సెలెరీ దొరకదు కాబట్టి కొత్తిమీర కాడలూ నాలుగు వామాకులూ. నూనెలో వేసి సెగ తగ్గించి వదిలెయ్యాలి, రంగు మారకూడదు, మెత్తబడాలి. ఓడ మీద నాకు పని నేర్పిన ఇటలీ వంటవాడు బెప్పే చెప్పేవాడు, ఇక్కడ తొందరపడ్డవాడు వంటవాడు కాడు, ఆకలిగొన్నవాడు అని. నాకు తొందర లేదు. గంట టైముంది. ఈశ్వరి వదిన పదకొండు బస్సుకి గార ఊరికి వెళ్ళింది, మందులకి, పన్నెండు దాటితే గాని రాదు. ఈ గంటలో అయిపోవాలి.

రెండు గిన్నెలు పెట్టాను. ఒక పొయ్యి మీద ఒకటి, రెండో పొయ్యి మీద ఒకటి. రెంటిలోనూ అదే ఉల్లి, అదే క్యారెట్, అదే నూనె. ఇక్కడి నుంచే దారులు వేరు. ఎడమ గిన్నెలో గుమ్మడికాయ పడుతుంది, కుడి గిన్నెలో టమాటా, రెండు పచ్చిమిరపకాయలు. ఉడికి మిక్సీలో తిరిగాక చూడటానికి రెండూ ఒకే ఎరుపు. వాడి నోటికి రేడియేషన్ పెట్టారు, ముప్పై మూడు సార్లు. అంగిట్లో ముక్క కోసి, ఆ కన్నానికి ప్లాస్టిక్ బిళ్ళ బిగించారు. పులుపూ కారం నాలిక మీద చుక్క పడకూడదని డాక్టరు గట్టిగా చెప్పాడు. పల్చటి మజ్జిగ తాగించినందుకే మొన్న మంచంపట్టె పట్టుకుని మెలికలు తిరిగాడట. వదిన చెప్తుంటే నేను వాకిట్లో నిలబడి విన్నాను, రెండోసారి కూడా చెప్పించుకున్నాను. పొద్దున్న వదిన కుళాయికి వెళ్ళినప్పుడు వాడి మంచం దగ్గర గొంతుకూర్చుని చెవిలో చెప్పాను. రెండు గిన్నెలు వండతన్నాను అన్నా, ఒకటి టమాటాది, ఒకటి గుమ్మడికాయది. నా నేల చెక్క నాదని ఆ పుస్తకంలో రాసి సంతకం పెడితే గుమ్మడికాయది తాగుతావు. పెట్టకపోతే రెండోది, నీ దవడ పట్టుకుని నేనే పోస్తాను, వదిన వచ్చేసరికి గిన్నె కడిగేస్తాను. వాడు కళ్ళు మూసుకున్నాడు. మాట రాదు వాడికి. అంగిలి పోయాక ఏం మాట్లాడినా ముక్కులోంచి గాలిలా వస్తుంది, అందుకే వదిన నూరు పేజీల నోటుబుక్కు, డాట్ పెన్నూ తలగడ పక్కన పెట్టింది. రైసుమిల్లులో ముప్పై ఏళ్ళు గుమస్తా చేసిన చెయ్యి, ఆ చెయ్యి మాత్రం ఇంకా బాగానే ఉంది. అక్షరాలు ముత్యాలు. ఆ ముత్యాలతోనే నా గొంతు కోశాడు.

బొబ్బర్లు రాత్రే నానబెట్టాను. ఓడ మీద వేరే గింజ ఉండేది, ఎర్రచారలది, ఉడికితే లోపల వెన్నలా ఉండేది, ఇక్కడ బొబ్బర్లే దిక్కు. విడిగా ఉడికించి, సగం మెదిపి, సగం అలాగే. బెప్పే జున్ను తొక్క వేసేవాడు, గట్టిపడిన ఎండు జున్ను చుట్టూ ఉండే తొక్క, అందరూ పారేసేది. దాన్ని కడిగి సూపులో పడేస్తే గంటలో నీళ్ళకి ఒళ్ళు వచ్చేది. ఇక్కడ ఆ తొక్క ఎక్కడ దొరుకుతుంది. అందుకని ఉలవకట్టు పోస్తున్నాను, ఉలవలు ఉడికించి వార్చిన నీళ్ళు, రెండు గిన్నెల్లోనూ రెండేసి గరిటెలు. ఉలవలు ఎడ్లకి పెట్టే తిండి. నేను నాలుగో తరగతిలో బడి మానేసింది ఆ ఎడ్ల కోసమే. ఇద్దరిలో ఒకడు చదవాలి, ఒకడు పశువుల్ని చూడాలి అన్నాడు నాన్న, ఎవరనేది అడగనే లేదు. వాడు నాకంటే అయిదేళ్ళు పెద్ద. కళింగపట్నం నుంచి సైకిలు మీద హైస్కూలుకి పోయేవాడు, నేను ఎడ్ల వెనకాల గెడ్డలో. నువ్వు బెంగెట్టుకోకురా, నాను సదివిందంతా సాయంత్రం నీకు సెప్తాను అన్నాడు. చెప్పాడు కూడా, నాలుగు రోజులు. అయిదో రోజు కళ్ళంలో బురద మీద పుల్లతో నా సంతకం రాయడం నేర్పాడు, గ కింద నుంచి తిప్పి రాజు దాకా గీత లాగి దాని కింద రెండు చుక్కలు. ఆ సంతకం వచ్చేదాకా చెరిపించి చెరిపించి రాయించాడు. వచ్చాక పుల్ల నా చేతిలో పెట్టి, నీకింక ఇది సాలురా అన్నాడు. నాకెంత సంతోషమో ఆ రోజు. ఎడ్లకి కూడా చూపించాను ఆ సంతకం.

ఉల్లిపాయ మెత్తబడింది. బంగాళాదుంపలు, చిక్కుడుకాయలు, ఆనపకాయ ముక్కలు. ఈ చిక్కుళ్ళు ఏ పాదువో నాకు తెలుసు. తాటిచెట్ల పక్క పందిరివి, అక్కడ నేల ఎర్రగా ఉండి చిక్కుడు గింజ గట్టిగా పడుతుంది. ఈ ఆనపకాయ బోరు దగ్గరది. కాబేజీ మధ్య మడిది. వదిన పొద్దున్నే బుట్టతో తెచ్చి గట్టు మీద దించింది, నేను ఒక్కొక్కటీ చేతిలోకి తీసుకుని చూస్తుంటే గుమ్మంలో నిలబడి నవ్వింది.

"ఏటి గంగరాజూ, కాయకి కాయ పలకరిస్తన్నావు. సుట్టాలేటి?"

"నా చెక్కలోవి కదా వదినా."

"నీ సెక్కేటి నా మొకం. పద్దెనిమిదేళ్ళు నీరెట్టినోలం మేమూ, సెక్కేమో నీదీ." బుట్టలోంచి గుమ్మడికాయ తీసి నా ముందు ధన్‌మని పెట్టింది. "ఇదొక్కటీ గెడ్డ వారనది. ఇది నీ సెక్కలోది కాదులే, ఏడవకుండా కొయ్యి."

"గెడ్డ వారన నేల ఎవరిదీ కాదు, గవర్నమెంటుది అన్నాడు నాన్న."

"ఆఁ, గవర్నమెంటుదే. గవర్నమెంటు గుమ్మడికాయ, తినెయ్యి." అని, పొయ్యి వైపు చూసింది. "రెండు గిన్నెలేటి?"

"ఒకటి నాకు."

"నీకు నువ్వు వండుకోడం నానెప్పుడూ సూల్లేదు. ఓడలో దొరలకే గాని." చీర కుచ్చెళ్ళు సర్దుకుంది. "మీ అన్నకి పులుపు తగిలిందనుకో, నీ గరిటితోనే నిన్ను కొడతాను. నాలుగు రోజుల్నించి పుస్తకంలో రాసి రాసి సంపేస్తన్నాడు నీ సూపు కోసం, లేపోతే నిన్ను నా వంటగదిలోకి అడుగెట్టనిస్తానేటి."

ఆవిడకి అన్నీ తెలుసు. నా ఎదురుగానే ఒకసారి అంది, సంద్రం మీద తిరిగినోడికి భూమెందుకు, ఉప్పు పండిస్తావా అని. ఆ మాటకి నలుగురూ నవ్వారు, నేనూ నవ్వాను, ఓడ మీద నేర్చుకున్న పని అది, అర్థమైనా కాకపోయినా నవ్వడం. గుమ్మడికాయ గట్టిగా ఉంది, కత్తి దిగడం లేదు. మంచి నేలలో కాసిన కాయ, ఊట ఉన్న నేలలో. లోపల పసుపు కాదు, ఎరుపు. గింజలు గోరుతో గీకి పారేశాను. ఎడమ గిన్నెలోకి. వాడు రాస్తే ఇది. వాడు రాస్తాడా.

రాస్తాడు. ఆకలి వాణ్ణి రాయిస్తుంది. రెండు నెలలుగా బార్లీ, డబ్బా పాలు, జల్లించిన గంజి. తిండికి బతికిన మనిషి వాడు. ఇంట్లో చేప వండితే తల వాడిది, పొట్ట వాడిది, తోక నాది. అమ్మ నారాయణమ్మ ఎప్పుడూ అదే పెట్టేది, వాడు సదువుకుంటన్నాడురా, బుర్రకి తలకాయ మంచిది అని. పద్దెనిమిదేళ్ళ కిందట కాదు, ఇంకా ముందు, ఓడ నుంచి సెలవుకి వచ్చినప్పుడు ఈ సూపు అమ్మ కోసం వండాను. అప్పుడు ఇందులో మాకరోని కూడా వేశాను, శ్రీకాకుళంలో ఒక్క షాపులో ఉండేది. అమ్మ రెండు చెంచాలు తాగి, ఏట్రా ఇది కలగూరగంప ఉడకెట్టినట్టున్నాది అని గిన్నె జరిపేసింది. వాడు మూడు గిన్నెలు తాగాడు. అమ్మ గిన్నె కూడా లాక్కున్నాడు. గిన్నె అడుగు వేలితో తుడిచి నాకాడు. మళ్ళీ ఎప్పుడు సేస్తావురా అన్నాడు. మళ్ళీ సెలవు అమ్మ చావుకే దొరికింది.

టమాటాలు మరిగే నీళ్ళలో ముంచి తొక్క తీశాను. చేతికి అంటిన రసం నాలిక మీద పెట్టుకుంటే పులుపు చెవుల దాకా కొట్టింది. నాటు టమాటాలు, బేరమాడి మరీ పుల్లవి ఏరుకున్నాను సంతలో. కుడి గిన్నెలో పడేసరికి సుయ్‌మంది. మిరపకాయలు చీల్చి వేశాను. పక్కగదిలో మంచం కిర్రుమంది. వాసన వెళ్ళి ఉంటుంది. ముక్కు బాగానే పనిచేస్తుందట వాడికి, రుచే పోయింది. వాసన చూడు. పద్దెనిమిదేళ్ళు నేను చూసింది కూడా వాసనే, ఆ నేల పక్కనుంచి నడిచి వెళ్తూ తడి మట్టి వాసన, నువ్వు బోరు వేయించిన రోజు, సరుగుడు కొట్టించిన రోజు, చిక్కుడు పందిరి వేయించిన రోజు. గట్టు మీద నిలబడితే నీ పాలేరు నన్ను అడిగాడు, ఎవులు కావాలి అని.

ఆ నోరు అలా అయిందంటే అడ్డపొగ వల్లే. మా అమ్మ తాగేది, చుట్టని తిరగేసి నిప్పు ఉన్న కొస నోట్లో పెట్టుకుని. మా వైపు ఆడవాళ్ళు చాలామంది అంతే, నోట్లో నిప్పుతోనే కళ్ళాలు ఊడ్చారు, పిల్లలకి పాలిచ్చారు, పక్కింటివాళ్ళని తిట్టారు. వాడు పదిహేనేళ్ళప్పుడే అమ్మ పక్కన కూర్చుని నేర్చుకున్నాడు. ఎందుకురా తిరగేసి తాగుతావు మగాడివి అంటే, నిప్పు బయటికి కనపడదు కదా, నాన్నకి తెలీదు అన్నాడు. నిజమే. చీకట్లో వాడు అరుగు మీద కూర్చుంటే నిప్పు కణిక ఒక్కటీ కనపడేది కాదు. అమ్మకి మాత్రం డెబ్భై నాలుగు వచ్చినా నోటికి ఏం కాలేదు, జ్వరంతో పోయింది. అప్పుడు నేను జెనోవాలో ఉన్నాను, రేవులో ఓడ. బెప్పే నా సామాను సంచీలో ఉల్లిపాయలు కోసే చిన్న కత్తి పెట్టి పంపాడు, ఇప్పుడు నా చేతిలో ఉన్నది అదే. విమానాలు మారి, విశాఖలో దిగి, బస్సులో వచ్చేసరికి పదో రోజు పొద్దు. అమ్మ లేదు, బూడిద కూడా లేదు. నది ఒడ్డున బ్రాహ్మడు పిండాలు పెట్టిస్తున్నాడు. నన్ను తడిబట్టతో కూర్చోబెట్టి, వేలికి దర్భ పవిత్రం తొడిగాడు. అన్న వేలికీ ఒకటి. మధ్యలో అన్న తన వేలికి ఆ పవిత్రం అలాగే ఉండగా మడతపెట్టిన కాగితాలు తీసి, అమ్మ పేరు రేషనుకార్డులోంచి తీయించాలి, సంతకం పెట్టరా అన్నాడు. తడిచేత్తో పెట్టాను. గ కింద నుంచి తిప్పి, రాజు దాకా గీత లాగి, రెండు చుక్కలు. మూడు చోట్ల. చదవలేదు. గబగబా చదవగలిగినా చదివేవాణ్ణి కాదు. వేలికి దర్భ ఉండగా, ఎదురుగా తల్లి పిండం ఉండగా, మనిషి అబద్ధమాడడని నా నమ్మకం. ఆ ఒడ్డున పుట్టినవాడు ఎవడైనా అలాగే పెడతాడు. మళ్ళీ ఓడ ఎక్కి కొన్ని నెలలు తిరిగి వచ్చేసరికి పాసుపుస్తకం వాడి పేరున ఉంది. అన్నదమ్ములు రాజీగా ఒప్పుకున్నారని పెద్దమనుషుల సాక్షి సంతకాలు. నా సంతకం అన్నిటికంటే అందంగా ఉంది. ఊళ్ళో పెద్దమనుషుల్ని అడిగితే, నువ్వే పెట్టినావు కదా బాబూ, దర్భేసుకుని మరీ పెట్టినావు, మేం సూసినాం కదా అన్నారు. రామతీర్థం వైపు ఒక సంబంధం చూసి ఉంచారు అప్పటికి, భూమి లేదని తెలిసి వాళ్ళు ఉత్తరం కూడా రాయలేదు. ఇప్పుడు నాకు యాభై నాలుగు. రేకుల గది. వాడి గోడకి ఆనుకునే.

ఉడికాయి. బచ్చలాకు తుంచి వేసి రెండు నిమిషాలు. ఉప్పు ఎడమ గిన్నెలో సగం, కుడి గిన్నెలో మొత్తం. బెప్పే గరిట అంచున తాకించి రుచి చూసి కళ్ళు మూసుకునేవాడు, బాగుంటే ఏమీ అనేవాడు కాదు, బాగోకపోతే గిన్నె సముద్రంలో పోయించేవాడు. పదేళ్ళలో నా చేత నాలుగు గిన్నెలు పోయించాడు. అయిదో గిన్నె రుచి చూసి ఏమీ అనలేదు. గుమ్మడికాయది రుచి చూశాను. కమ్మగా, చప్పగా, పసిపిల్లలకి పెట్టేది. టమాటాది రుచి చూశాను. చేతిలో గరిట అలాగే ఉండిపోయింది. ఇంత బాగా నేనెప్పుడూ వండలేదు. ఉలవకట్టు అడుగున ఒళ్ళు పట్టుకుంది, పులుపు పైన కూర్చుంది, బొబ్బరి గింజ నాలిక మీద కరిగింది. వాడి మీద కోపంతో వండితే ఇలా వచ్చింది. దీన్ని మిక్సీలో వేసి తిప్పుతుంటే బెప్పే చూస్తే నన్నే సముద్రంలో తోసేవాడు. తిప్పాను. ముందు గుమ్మడికాయది, జార్ కడిగి టమాటాది. రెండు స్టీలు గిన్నెలు. ఒకే ఎరుపు. నాకే ఒక్క క్షణం ఏది ఏదో తెలియలేదు, గుమ్మడికాయ గిన్నె కింద గోరుతో గీసిన గుర్తు చూసుకున్నాను.

పళ్ళెంలో రెండూ పెట్టుకుని వెళ్ళేసరికి వాడు లేచి గోడకి ఆనుకుని కూర్చుని ఉన్నాడు, నోటుబుక్కు ఒళ్ళో. మొహం ఎముకలకి అంటుకుపోయింది. చెంపలు లోపలికి పడి, వాణ్ణి చూస్తే నాన్న గుర్తొస్తాడు, ఆఖరి నెలల నాన్న. జాలి వేస్తుందేమోనని నిలబడి చూశాను. వెయ్యలేదు. స్టూలు మీద పళ్ళెం పెట్టి, పెన్ను మూత తీసి వాడి చేతికిచ్చాను.

"రాయి అన్నా. గంగరాజు ఎకరం ఇరవై సెంట్లు గంగరాజుదే, నాను మోసం చేసి రాయించుకున్నాను, అని. కింద సంతకం."

వాడు నన్ను చూడలేదు. ఒంగి ఒక గిన్నె వాసన చూశాడు, తర్వాత రెండోది. ఆవిరికి కళ్ళు ఆర్పి, మళ్ళీ రెండోది చూశాడు. చెయ్యి చాచి ఆ గిన్నె తీసుకున్నాడు. అది టమాటాది.

"అది కాదు. మండుతాది. సస్తావు. ముందు రాయి."

గిన్నె ఒళ్ళో పెట్టుకుని, పుస్తకం మోకాలి మీద ఆనించి రాశాడు. రాసి నా వైపు తిప్పాడు. నాకు చదవడం నిదానం, ఒక్కొక్క అక్షరం పట్టుకుని వెళ్ళాలి, వాడికి తెలుసు, అందుకే పెద్దగా రాశాడు, పిల్లాడికి రాసినట్టు. రెండు నెలలుగా నోట్లో ఏదీ తెలియడం లేదు, మంటయినా తెలుస్తుంది. అంతే. చెంచా ముంచి నోట్లో పెట్టుకున్నాడు.

దవడ పట్టుకుని పోస్తానన్నాను పొద్దున్న. దవడ పట్టుకునే అవసరమే రాలేదు. మొదటి చెంచాకే వాడి మెడ వెనక్కి పడింది, కాళ్ళు దుప్పట్లోంచి తన్నుకున్నాయి, కళ్ళలోంచి నీళ్ళు ధారగా, ముక్కులోంచి ఎర్రగా కొంచెం. నేను చూడాలని ఎన్నేళ్ళుగానో అనుకున్నది సరిగ్గా ఇదే. చూస్తున్నాను. రెండో చెంచా. చెంచా నోటి దారి తప్పడం లేదు. మూడు. నాలుగు. ముక్కు తుడుచుకుని అయిదు. గొంతులోంచి ఒక చప్పుడు వస్తోంది, ఏడుపు అనుకున్నాను, చెవి దగ్గర పెట్టి విన్నాను, కాదు, చేపతల చీకినప్పుడు చేసే చప్పుడు అది. అన్నా సాలు అన్నాను. నేనే అన్నాను సాలని, ఇంత చేసి. గిన్నె లాక్కోబోతే మోచేత్తో నా చెయ్యి తోశాడు, ఏం బలమో ఆ ఎముకల్లో. గిన్నె మీద ఒంగిపోయి తాగాడు. అడుగు దాకా. వేలితో తుడిచి నాకాడు. వాడి కోసం వండిన మంట కూడా వాడే తినేశాడు, నాకు చెంచాడు కూడా మిగల్చలేదు. నా పక్కన గుమ్మడికాయది పైన మీగడ కట్టి చల్లారిపోయింది.

చాలాసేపు గోడకి ఆనుకుని రొప్పాడు. బయట బస్సు హారను, వదిన వచ్చే బస్సు. వాడికీ వినపడింది. పెన్ను తీసుకున్నాడు. ఇప్పుడు రాస్తాడు అనుకున్నాను, నీళ్ళు కారే కళ్ళతో ఇంత దాకా వచ్చినవాడు ఇంక దాచడు అనుకున్నాను, నదీ ఒడ్డున అనుకున్నట్టే అనుకున్నాను. నిదానంగా రాశాడు. పెద్ద అక్షరాలు. తిప్పి చూపించాడు. నేను వేలు పెట్టుకుని చదివాను. ఎకరం ఇరవై నాన్న నీకు నోటితో చెప్పిన లెక్క. గెడ్డ వారన నేల గవర్నమెంటుది కాదు, నాన్న నీ పేర కలిపి రాయించాడు, కాగితం నా దగ్గరే ఉంది. దాని కింద రెండూ కలిపిన అంకె, అంకె కింద గీత. సంతకం లేదు. కింద చోటు ఉంది, పెట్టలేదు. నేను ఆ అంకె చదువుతుంటే వాడు నా మొహాన్ని చూస్తున్నాడు, చుట్ట తిరగేసి నోట్లో పెట్టుకున్నప్పుడు చూసేవాడే అలా, నిప్పు ఎక్కడుందో ఎదుటివాడికి తెలియదని. నా కళ్ళు ఆ అంకె చివరికి వచ్చేదాకా ఆగాడు. అప్పుడు ఆ కాగితం పర్రున చింపి, దాంతో మూతి తుడుచుకుని, ఉండ చేసి ఖాళీ గిన్నెలో పడేశాడు.

"తాగేరా?" వదిన గేటు తీస్తూ అడుగుతోంది. "ఏటి గంగరాజూ, మాటాడవు. తాగేరా మీ అన్న?"

మంచం కింద గుమ్మడికాయ గింజ ఒకటి పడి ఉంది, నా చేతికి అంటుకుని వచ్చిందేమో. వాడు కళ్ళు మూసుకున్నాడు, కడుపు మీద చెయ్యి పెట్టుకుని, తిన్నవాడిలా. నేను గిన్నెలోంచి ఆ ఉండ తీసి విప్పాను. టమాటా అంటుకుని ఎర్రగా అయింది, డాట్ పెన్ను సిరా మాత్రం చెరగలేదు. ఈసారి వేలు పెట్టకుండానే చదివాను. ఒక ఎకరం అరవై నాలుగు సెంట్లు.